ఊరికొక లెక్క, అనువర్తనానికొక లాగ్

బాధ్యత ఎవరిదో తేలాలంటే దస్త్రం విడిగా ఉండాలి. శాశ్వత శిస్తు విధానం అమలైన విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీలలో జమీందారు ఒక్కరే. గ్రామలెక్కలు మాత్రం ఏ ఊరివి ఆ ఊరివే. వాటిని రాసే కరణాల విధులను 1802 నాటి మద్రాసు 29వ రెగ్యులేషన్ నిర్దేశించింది. రెండు శతాబ్దాల తరువాత జావా సర్వర్లలోనూ ఇదే అవసరం తలెత్తింది. 2002లో వెలువడిన జావా 1.4 లాగింగ్ పద్ధతి వర్చువల్ మెషీన్ మొత్తానికి ఒకే లాగ్‌మేనేజర్‌ను నియమించింది. ఒకే సర్వర్‌పై నడిచే అనువర్తనాలకు విడివిడి అమరిక కొరవడి, దోషం దేనిదో తేల్చడం కష్టమైంది. టామ్‌క్యాట్ 5.5 శ్రేణిలోని ‘జూలీ’ క్లాస్‌లోడర్ల ఆధారంగా ఈ చిక్కు విప్పింది: ప్రతి అనువర్తనమూ తన ‘క్లాసెస్’ ఫోల్డరులో సొంత ‘లాగింగ్.ప్రాపర్టీస్’ ఫైలు ఉంచుకోవచ్చు. యంత్రం ఉమ్మడిదైనా సాక్ష్యం వేరుగా నిలిచింది.