రెండు నదుల మధ్య నేల: మన నడిగడ్డ, ఫ్రాన్స్ వాళ్ళ తెల్ల వైన్

ఈ ఎపిసోడ్‌లో వైన్ గురించి మాట్లాడుకుందాం. ఆగండి, ఇది తాగమని చెప్పే వీడియో కాదు. ఏ సీసా బాగుంటుందో నేను చెప్పను. సీసా మీద అంటించే లేబుల్ ఉంటది కదా, ఆ కాగితం ముక్క చరిత్ర చెప్తాను. దాని మీద ఎవరి పేరు ఉండాలి అనే దాని కోసం ఫ్రాన్స్ రైతులు దశాబ్దాల పాటు కొట్లాడారు. అది విన్నాక, మన అలంపూర్, గద్వాల చేన్లలో పండే ఒక పంట గురించి మీకు కొత్త ప్రశ్నలు వస్తాయని నా నమ్మకం.

ముందు మన నేల సంగతి. ఫోన్‌లో మ్యాప్ తీసి అలంపూర్ చూడండి. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర. అలంపూర్ దాటాక కొంచెం దూరంలోనే రెండూ కలుస్తాయి. ఈ రెండు నదుల నడుమ ఉన్న గడ్డ కాబట్టే నడిగడ్డ అన్నారు. చరిత్ర పుస్తకాల్లో రాయచూర్ అంతర్వేది అని చదువుతాం కదా, దాని తూర్పు కొస మనదే. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు ఇక్కడ నవబ్రహ్మ ఆలయాలు కట్టారు. తర్వాత విజయనగరం వాళ్ళూ బహమనీలూ ఈ అంతర్వేది కోసం తరాల తరబడి యుద్ధాలు చేశారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తాన్ మీద గెలిచిన రాయచూర్ యుద్ధం కూడా దీని కోసమే. 1956 దాకా అలంపూర్, గద్వాల తాలూకాలు రాయచూర్ జిల్లాలోనే ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో మహబూబ్‌నగర్‌కి వచ్చాయి. 2016లో జోగులాంబ గద్వాల జిల్లా అయింది.

ఇప్పుడు ఫ్రాన్స్ మ్యాప్‌కి పోదాం. నైరుతి దిక్కున బోర్డో అనే ఊరు ఉంటుంది. దాని పక్కన గరోన్, దోర్దోన్ అని రెండు నదులు. అవి కూడా మన కృష్ణా తుంగభద్రల లాగానే దగ్గరికొచ్చి కలిసిపోతాయి. ఆ రెండిటి మధ్య నేలని 'ఆంత్ర్ దో మేర్' అంటారు. అంటే 'రెండు సముద్రాల మధ్య' అని. సముద్రపు పోటు ఆ నదుల్లోకి చాలా లోపలికి వస్తుంది కాబట్టి నదుల్నే సముద్రాలన్నారు. అచ్చం వాళ్ళ నడిగడ్డ అన్నమాట! అక్కడ సోవిన్యోన్ బ్లాంక్, సెమియోన్ లాంటి ద్రాక్షతో తెల్ల వైన్ చేస్తారు. 1937 నుంచి ఆ నేల పేరుకి చట్టం కాపలా ఉంది. ఆ గీత బయట పండిన ద్రాక్షతో వైన్ చేసి ఆ పేరు పెట్టుకుంటే నేరం.

మరి ఒక నేల పేరుకి అంత రక్షణ ఎట్లా వచ్చింది? ఎవరూ దయతలచి ఇవ్వలేదు. ఒక పురుగుతో మొదలైంది ఈ కథ.

1860ల్లో అమెరికా నుంచి తెచ్చిన ద్రాక్ష తీగలతో పాటు ఫిలోక్సెరా అనే పురుగు ఫ్రాన్స్‌కి వచ్చింది. కంటికి సరిగ్గా కనపడనంత చిన్నది. వేరులో రసం పీల్చేస్తుంది, తీగ ఎండిపోతుంది. 1868లో ప్లాంషోన్ అనే శాస్త్రవేత్త, ఇంకొందరు కలిసి దాన్ని పట్టుకున్నారు. అప్పటికే తోటలకి తోటలు పోతున్నాయి. మందులు కొట్టారు, తోటల్ని నీళ్ళతో ముంచారు. చివరికి పని చేసింది అంటు కట్టడం. అమెరికా తీగ వేరు ఈ పురుగుకి తట్టుకుంటుంది. ఆ వేరు మీద ఫ్రాన్స్ తీగ కొమ్మని కట్టారు. మామిడి అంటు తెలిసిన వాళ్ళకి ఇది కొత్తేం కాదు. కానీ దేశం మొత్తం తోటలు పీకి మళ్ళీ నాటాలంటే దశాబ్దాలు పట్టింది.

ఈ లోపల మార్కెట్‌లో వైన్ తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అప్పుడేమైతది? కల్తీ! ఎండు ద్రాక్ష నానబెట్టి, చక్కెర కలిపి వైన్ అని అమ్మారు. ఎక్కడిదో వైన్ తెచ్చి పేరున్న ఊరి లేబుల్ అంటించారు. 1905లో కల్తీ మీద చట్టం వచ్చింది గానీ రైతుకి ధర రాలేదు. 1907లో దక్షిణ ఫ్రాన్స్ రైతులు రోడ్డెక్కారు. జూన్ 9న మోంపెలియే పట్టణంలో లక్షల మంది గుమిగూడారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. రైతుల బిడ్డలే ఉన్న ఒక రెజిమెంట్ తిరుగుబాటు చేసింది. ఇన్ని జరిగాక, 1935లో పేర్లకి హద్దులు గీసే జాతీయ కమిటీ ఏర్పడింది. ఏ ఊరి పేరు పెట్టాలంటే ఏ నేలలో పండాలి, ఏ ద్రాక్ష వాడాలి, హెక్టారుకి ఎంత దిగుబడి దాటకూడదు, అన్నీ నియమాలే.

అసలు మలుపు మాత్రం చిన్న కుటుంబాల దగ్గర వచ్చింది. దానికి బర్గండీ ప్రాంతానికి పోవాలి. అక్కడ ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాలని నెపోలియన్ కాలం నుంచి చట్టం. అందుకే తోటలు ముక్కలు ముక్కలయ్యాయి. మోంత్రషే అనే తోట చూడండి. ప్రపంచంలో చాలా ఖరీదైన తెల్ల వైన్లలో ఒకటి అక్కడిదే. మొత్తం తోట ఎంత? సుమారు 8 హెక్టార్లు, అంటే 20 ఎకరాలు. దానికి డజనుకి పైగా యజమానులు. ఆ తోట పేరు ఎంత గొప్పదంటే, 1879లో పక్కనున్న పులిన్యీ అనే ఊరు తన పేరు వెనక దాన్ని తగిలించుకుని పులిన్యీ మోంత్రషే అయింది. ఆ ఊళ్ళోనే లెఫ్లేవ్ అని ఒక కుటుంబం ఉంది. పురుగు దెబ్బకి భూముల ధర పడిపోయిన రోజుల్లో, 20వ శతాబ్దం మొదట్లో, జోసెఫ్ లెఫ్లేవ్ అనే ఇంజనీరు కొద్దికొద్దిగా కొన్నారు. ఇప్పుడు ఎస్టేట్ మొత్తం సుమారు 60 ఎకరాలు. మోంత్రషే తోటలో మాత్రం వాళ్ళకున్నది మన లెక్కలో 8 గుంటలు! అదీ 1991లో కొన్నారు. ఆ 8 గుంటల నుంచి ఏడాదికి వచ్చేది దాదాపు ఒక పీపా వైన్.

అయితే ఇట్లాంటి కుటుంబాల్లో చాలా మటుకు ఒకప్పుడు సీసా అమ్మేవి కావు. ద్రాక్ష పండించి, వైన్ చేసి, పీపాల్లో పెద్ద వ్యాపారులకి అమ్మేసేవి. వ్యాపారి పది మంది వైన్ కలిపి, తన పేరు మీద సీసాల్లో నింపేవాడు. రైతు పేరు ఎక్కడా ఉండదు. ధర ఎవరు చెప్పేది? వ్యాపారే. 1929 ఆర్థిక మాంద్యం వచ్చింది, వ్యాపారులు కొనడం తగ్గించారు. అప్పుడు కొన్ని కుటుంబాలు తెగించాయి. వోల్నేలో డాంజెర్విల్, న్యుయీలో గూజ్, జెవ్రేలో రూసో లాంటి వాళ్ళు తమ వైన్‌ని తామే సీసాల్లో నింపి, తమ పేరుతో అమ్మారు. వ్యాపారులకి కోపమొచ్చింది, వీళ్ళ దగ్గర కొనడం మానేశారు. కానీ పారిస్ హోటళ్ళు, ఆ తర్వాత అమెరికా దిగుమతిదారులు నేరుగా వీళ్ళ దగ్గరికే వచ్చారు. ఇవాళ ఫ్రెంచ్ సీసా మీద 'తోటలోనే నింపినది' అని ఒక లైను కనపడుతుంది. దాని వెనక ఉన్నది ఈ కొట్లాట.

ఇక మన నడిగడ్డకి వద్దాం. మనకీ పేరున్న సరుకు ఒకటుంది, గద్వాల చీర. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండిటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదనే కలుపుతారు. దానికి భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్ వచ్చింది. అంటే ఆంత్ర్ దో మేర్ వాళ్ళకి ఉన్న లాంటి హక్కు మన నేతన్నలకీ ఉంది. కానీ మరమగ్గం మీద నేసి గద్వాల అని అమ్మే చీరలు ఎన్ని లేవు! చట్టం ఉంటే సరిపోదు, అడిగే గిరాకీ కూడా ఉండాలి.

చీర సంగతి అది. విత్తన పత్తి సంగతి ఇంకా కష్టం. దేశంలో అమ్ముడుపోయే పత్తి విత్తనాల్లో మన గద్వాల, అలంపూర్ చేన్లలో పుట్టేవి చాలా ఉన్నాయి. ఎట్లా పండిస్తారో పట్నం పిల్లలకి తెలియకపోవచ్చు. చేనులో ఆడ మొక్కలు వేరే, మగ మొక్కలు వేరే. సాయంత్రం ఆడ మొగ్గల్లో పుప్పొడి భాగాన్ని చేత్తో తీసేస్తారు. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కొక్క పువ్వుకీ, రోజూ, వారాల తరబడి. ఎక్కువగా చేసేది ఆడవాళ్ళే. బర్గండీ ద్రాక్ష కోతకన్నా ఓపిక కావాలి దీనికి.

ఇంత చేశాక, మీరు కొనే అర కిలో కూడా లేని ప్యాకెట్ మీద ఆ రైతు పేరు ఉండదు, నడిగడ్డ పేరూ ఉండదు. కంపెనీ పేరు ఉంటుంది. మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం ఆయనే ఇస్తాడు, పెట్టుబడికి అప్పూ ఆయనే ఇస్తాడు. విత్తనం జన్యు పరీక్షలో ఫెయిల్ అయిందంటే రైతుకి విత్తనం ధర రాదు. ఆ పరీక్ష జరిగేదీ, ఫలితం చెప్పేదీ రైతు ఇంటి ముందు కాదు. పీపాల్లో వైన్ అమ్మిన ఫ్రెంచ్ రైతు గుర్తొస్తున్నాడా?

అయితే మన రైతు కూడా తన పేరుతో ప్యాకెట్ అమ్మేస్తే అయిపోతుంది కదా అంటారేమో. అంత సులువు కాదు. హైబ్రిడ్‌కి తల్లి విత్తనం, తండ్రి విత్తనం కంపెనీ చేతిలో ఉంటాయి. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టం రైతుకి విత్తనం దాచుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. రక్షణ పొందిన రకం విత్తనాన్ని బ్రాండ్ పేరుతో అమ్మడానికి మాత్రం వీల్లేదంది. చూశారా, అక్కడ కూడా గొడవంతా పేరు దగ్గరే.

కాబట్టి సీసా నింపిన పని మనం అట్లాగే చేయలేం. కానీ సీసా కన్నా ముందు చేతికి రావాల్సింది లెక్క. తన సరుకు ఎక్కడ పోతోంది, ఎవరు కలుపుతున్నారు, ఎంతకి అమ్ముతున్నారు అనేది పండించినవాడికి తెలియాలి. మన విత్తన రైతు కూడా ముందు అడగాల్సింది అదే. రాతపూర్వక ఒప్పందం కాపీ తన చేతిలో ఉండాలి. పరీక్ష ఫలితం కాగితం మీద రావాలి. అప్పు వడ్డీ ఎంతో ముందే రాసి ఉండాలి.

మీ ఇంట్లో విత్తన పత్తి వేసే నాన్నో, పెద్దనాన్నో, మేనమామో ఉంటే, ఈ మూడు కాగితాలు ఉన్నాయా అని ఈ వారం అడగండి. ఉంటే ఫోటో తీసి మీ ఫోన్‌లో భద్రంగా పెట్టండి. లేకపోతే వచ్చే సీజన్‌కి సంతకం పెట్టే ముందు అడగమనండి. గద్వాల చీర కొనేటప్పుడు జీఐ గుర్తు, చేనేత గుర్తు రెండూ చూడండి. మీ ఊళ్ళో పేరు లేకుండా బయటికి పోయే ఇంకో సరుకు ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, దాని మీద కూడా ఎపిసోడ్ చేద్దాం.