మా సీమలో మీకాయీలు

ఖురాన్‌లో జిబ్రాయీలుతో పాటు పేరు కనిపించే దూత మీకాయీలు. వానలూ తిండిగింజలూ ఆయన చేతి మీదుగా వస్తాయని ముసల్మానుల నమ్మకం. కరువు తప్ప మరొకటి ఎరగని తనకల్లు పక్క మా దూదేకుల ఇంట్లో ముందు తలుచుకునేది ఆయన్నే. మా జేజికి అరబ్బీ అక్షరం రాదు, ఇంట్లో మాటంతా తెలుగే. శెనక్కాయ విత్తినాక మబ్బు మొహం చాటేస్తే, "అల్లా సెలవియ్యందే మీకాయీలు మాత్రం ఏం చేస్తాడు నాయనా" అనేది. మలాయికలకు, అంటే దూతలకు, సొంత ఇష్టం ఉండదు, అల్లా చెప్పిందే చేస్తారు. మతం చదివిన ఆలిములు చెప్పే ఆ మూలసూత్రం మదరసా గడప తొక్కని మనిషి నోట అంత తేటగా రావడం నాకిప్పటికీ గొప్పగా తోస్తుంది.

వాన కోసం చేసే నమాజు బయల్లోనే చేస్తారు. ఇమాము పైవస్త్రాన్ని తిరగేసి కప్పుకుంటాడు, కాలమూ అట్లే తిరగాలని.

దూదేకులవాళ్లు తమ దీను (మతం) పెనుకొండ బాబయ్య, అంటే బాబా ఫక్రుద్దీన్, పెట్టిన భిక్ష అని చెప్పుకుంటారు. ఆయన గురువు పండ్లపుల్ల ఇచ్చి, అది ఎక్కడ చిగురిస్తే అక్కడ నిలబడమన్నారట, అది పెనుకొండలో చిగిర్చిందట. శతాబ్దాలపాటు మా వాళ్లకు దీను చెవినబడిన మాటగానే అందింది. 1920ల్లో చిలుకూరి నారాయణరావు ఖురాన్‌ను తెలుగు చేశారు. అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పిన పండితుడాయన. ఒక బ్రాహ్మణ పండితుడు మా గ్రంథం మీద పెట్టిన ఆ శ్రమకు మేం రుణపడి ఉన్నాం.

దూతల మాట అట్లుంచి జిన్నుల సంగతికొస్తే, అచ్చులో ఉన్నదానికీ ఊళ్లో నమ్మేదానికీ చాలా ఎడం. ఖురాన్ ప్రకారం జిన్నులు నిప్పుతో పుట్టిన వేరే జాతి. వాళ్లలో దేవుణ్ణి నమ్మినవాళ్లూ ఉన్నారని 72వ అధ్యాయం చెబుతుంది. చచ్చిన మనిషి జిన్ను కాడు. మా పల్లెల్లో మాత్రం బావిలో పడి చచ్చిన కోడలు దయ్యమయిందన్న పాత భయం, జిన్ను మాట కలగలిసిపోయాయి. ఒంటి మీదికొచ్చిందంటే హిందువులూ ముసల్మానులూ దర్గాకే నడిచేవాళ్లు. తాయెత్తు కట్టించి, ఊదు పొగ పట్టి, గురువారాలు లెక్కబెట్టుకునేవాళ్లు.

ఇప్పటి కుర్రవాళ్లు తాయెత్తు షిర్కు, అల్లాకు సాటి కల్పించడమని వాదిస్తున్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. అయినా ఇంట్లో నోరెత్తలేని ఆడమనిషి గోడు పదిమందీ విన్నది ఆ దర్గా వాకిట్లోనే, దాన్ని నేను తీసిపారేయలేను. వైద్యం అందక నెలల తరబడి అక్కడే కూలబడ్డవాళ్లనూ చూశాను. అందుకే అడిగిన బంధువులకల్లా చెబుతాను, ముందు డాక్టరుకు చూపించండి, ఫాతిహా తర్వాత నిదానంగా చదివించుకోవచ్చు.