ఔషధస్పందనమున జన్యుభేదము: ఆర్యవైశ్యులలో కోలినెస్టరేజు లోపము

ఒకే మందు ఒకే మోతాదున ఇరువురి దేహములయందు ఇరుతెఱగుల వర్తించుటకు గల వంశానుగత కారణములను విచారించు శాస్త్రమునకు ఔషధ జన్యుశాస్త్రమని పేరు. ఈ పేరు 1959లో ఫ్రీడ్రిక్ ఫోగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పెట్టినది. ఇందులకు తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధమైన ఉదాహరణము, ఆర్యవైశ్యులలో ఇతరులకంటె ఎంతో అధికముగా కానవచ్చు బ్యూటిరిల్‌కోలినెస్టరేజు అను ఎంజైము లోపము.

ఈ ఎంజైమును కాలేయము తయారుచేసి రక్తమున విడుచుచుండును. లోపమున్నవానికి నిత్యజీవితమున ఏ బాధయు ఉండదు. తనకట్టిది యున్నదన్న ఊహయైనను కలుగదు. సాధారణముగా అది బయటపడునది ఆపరేషన్ బల్లమీదనే. శ్వాసనాళమున గొట్టము నమర్చుటకై కండరములను సడలించు సుక్సినిల్‌కోలీన్ అను మందు, మన మత్తు డాక్టర్లు స్కోలిన్ అని వ్యవహరించునది, 1950 దశకమునుండి వాడుకలో నున్నది. సామాన్యముగా ఈ ఎంజైము మందులో అధికభాగమును కండరమును చేరకమునుపే ఛేదించుటచే, కొలది నిమిషములలో రోగి తానై ఊపిరి తీసికొనును. ఎంజైము లేనివానియందు మందు గంటలకొలది నిలిచియుండును: ఆపరేషన్ ముగిసినది, కుట్లు పడినవి, అయినను ఱొమ్ము కదలదు, వ్రేలు కదలదు, మత్తు తేలినచో, తెలివి యుండియు ఱెప్పయైన ఎత్తజాలని దుస్థితి అతనికి కలుగును. మందు శక్తి తానై తగ్గువఱకు యంత్రముచే శ్వాస నడిపించుచు, నిద్రమందు కొనసాగించుచు, ఓపికతో కాచుకొనియుండుటయే అపుడు వైద్యుని కర్తవ్యము.

కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విదేశ సహచరులతో కలిసి 2006లో ఈ లోపమునకు మూలమైన జన్యుమార్పును వైశ్యులలో గుర్తించిరి. ఎంజైమున 307వ స్థానమున ఉండవలసిన లూసీన్‌కు బదులు ప్రోలీన్ చేరుటయే ఆ మార్పు. ఇది ఏల ఈ సమాజముననే పేరుకొనెనన్న ప్రశ్నకు సమాధానము హైదరాబాదులో లభించినది. అచటి హబ్సిగూడలోని సీసీఎంబీ అను పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞుడు కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ మున్నగువారు 2017లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ముప్పది లక్షలకు మించిన వైశ్యుల వంశమూలము పూర్వకాలమున స్వల్పసంఖ్యాకులైన మూలపురుషులకు కుంచించుకొనిపోయినది. ఇతర సముదాయములకంటె ఈ లోపము వారిలో సుమారు నూఱురెట్లు అధికము.

మేనరికములే దీనికంతకును కారణమని మనవారిలో ఒక తలంపు కలదు. అది పొరపాటు. దగ్గఱి చుట్టరికమే లేని ఇద్దఱు వైశ్యులు పెండ్లాడినను, శతాబ్దములనుండి కులములోపలనే వివాహములు సాగుటచే, ఇరువురును ఒకే పూర్వుని జన్యువును మోయుచుండవచ్చును. తలిదండ్రులిరువురినుండియు అది సంక్రమించిన బిడ్డకే తీవ్రలోపము కలుగును. కావున భారతీయులందఱిని ఒకే ముద్దగా నెంచి మందుల వర్తనమును నిర్ణయించుట అశాస్త్రీయమని నా దృఢాభిప్రాయము. జీ6పీడీ అను ఎంజైము లోపమున్నవారికి మలేరియా మందైన ప్రిమాక్విన్ రక్తకణములను చెఱచుటయు, చైనాలోని హాన్ జాతివారిలో కొందఱికి మూర్ఛమందైన కార్బమజెపిన్ చర్మమును ఊడ్చివేయుటయు ఇట్టి వంశానుగత భేదములే.

ఈ లోపమును సామాన్య రక్తపరీక్షచేత ముందే కనుగొనవచ్చును; కండరములను సడలించుటకు ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియము వంటి మందులును కలవు. ఆర్యవైశ్య కుటుంబములవారు ఎంత చిన్న ఆపరేషన్‌కు పోయినను, తమ వంశమును, ఇంటివారిలో ఎవరికైన మత్తు తరువాత ఊపిరి ఆలస్యమైన సంగతిని మత్తు డాక్టరునకు ముందుగనే తప్పక తెలుపవలెను.