బేగంపేట మూసివేత – 'ప్రజాభిప్రాయం' అన్న మాట

పాత కట్టడాన్ని బాగుచేసుకోవాలా, మూసేసి కొత్తది కట్టుకోవాలా అన్న వివాదం వచ్చినప్పుడల్లా మన పత్రికలు 'ప్రజాభిప్రాయం' అన్న మాటను ధారాళంగా వాడతాయి. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి విమానాశ్రయాలతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. నాకు పని ఆ మాటతో. ఏ ప్రజలు? ఏ విషయంపై? ఎప్పుడు అడిగారు? ఈ మూడు ప్రశ్నలనూ హైదరాబాదు బేగంపేట విమానాశ్రయ చరిత్ర ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బేగంపేట నిజాం కాలపు నిర్మాణం. 1930లలో ఏరోక్లబ్బుతో మొదలై, 1937 నాటికి టెర్మినల్ భవనాన్ని సమకూర్చుకుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు ఇదే స్థావరం. 1953లో విమానయానం జాతీయం కావడంతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. రద్దీ పెరిగి పాత భవనం చాలనప్పుడు, 1972లో దక్షిణం వైపున కొత్త టెర్మినల్ కట్టారు. దొరల రాకపోకల కోసం పుట్టిన చోటికి కాలక్రమాన గుమాస్తాలూ, చిరువ్యాపారులూ, గల్ఫుకు పోయే కరీంనగర్, నిజామాబాదు జిల్లాల వలస కూలీలూ వచ్చారు. అంటే పాతదాన్ని అవసరం కొద్దీ పెంచుకుంటూ పోవడం బేగంపేటకు కొత్త కాదు.

అయితే 2000 తర్వాత పరిస్థితి మారింది. చుట్టూ నగరం కమ్ముకుంది. విస్తరణకు చోటు తక్కువ. శంషాబాదులో కొత్త విమానాశ్రయం కావాలన్న వాదనలో బలం లేదని నేననను. ఏడాదికి కోటి 20 లక్షల మంది కోసం మొదలైన శంషాబాదు నుంచి 2018-19లో రెండు కోట్ల మందికి పైగా రాకపోకలు సాగించారు. ఇంత భారం బేగంపేట ఒక్కటే మోయగలిగేది కాదు. కాని 2008లో కార్మికులు వేసిన ప్రశ్న వేరు. కొత్తది కడితే కట్టండి, పాతదాన్ని ఎందుకు మూస్తారని వాళ్లు అడిగారు. దగ్గరి ఊళ్లకు పోయే విమానాలకైనా బేగంపేటను ఉంచమన్నారు. ఆ ఏడాది మార్చిలో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఉద్యోగులు హైదరాబాదు, బెంగుళూరు పాత విమానాశ్రయాల మూసివేతకు వ్యతిరేకంగా దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. సీతారాం ఏచూరి అధ్యక్షతన ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం కూడా మూసివేతను సమర్థించలేదు. ఊరి ఉత్తరాన ఉన్నవాళ్లు దూరాభారం గురించి వాపోయారు. శంషాబాదుకు దారిగా తలపెట్టిన 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు వంతెన దారి 2009 అక్టోబరు దాకా తెరుచుకోనేలేదు.

ఇంత చర్చా జరిగింది. ఫలితం? 2008 మార్చి 23న శంషాబాదు నుంచి విమానాలు లేచాయి. బేగంపేట ప్రయాణికులకు మూతబడింది. కారణం, చర్చ మొదలయ్యే నాటికే తీర్పు రాసి ఉంది. 2004 డిసెంబరులో కేంద్రం చేసుకున్న ఒప్పందంలో రెండు షరతులున్నాయి. కొత్తది తెరిచిన నాడు పాతది వాణిజ్య విమానాలకు మూయాలి. 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం 25 ఏళ్లపాటు రాకూడదు. కొత్త సంస్థలో ప్రైవేటు కంపెనీ జి.ఎం.ఆర్.కు 63 శాతం, మలేసియా విమానాశ్రయాల సంస్థకు 11 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటాలుండేవి. మిగిలిన 13 శాతం, సమ్మె చేసిన ఉద్యోగుల యాజమాన్యమైన ప్రాధికార సంస్థదే. రాష్ట్ర ప్రభుత్వం 315 కోట్లు వడ్డీ లేని అప్పుగానూ, 107 కోట్లు గ్రాంటుగానూ ఇచ్చింది. సుమారు 5,500 ఎకరాల భూమి సమకూర్చింది. ప్రజల సొమ్మూ, ప్రజల భూమీ పెట్టుబడిగా వెళ్లినప్పుడు ఆ ప్రజల అభిప్రాయం 2004లో అడగవలసింది. 2008లో వాళ్లకు మిగిలింది మాట్లాడే స్వేచ్ఛ మాత్రమే.

ఇక ఏ ప్రజలు? ప్రయాణికుడి సౌకర్యం గురించి పేజీలు నిండాయి. కొత్త టెర్మినల్ అద్దాలు, చల్లదనం, దుకాణాలు వర్ణించారు. బేగంపేట గేటు ముందు ఆటోలు నడుపుకున్నవాళ్లూ, సామాన్లు మోసినవాళ్లూ, చుట్టుపక్కల చిన్న హోటళ్లు పెట్టుకున్నవాళ్లూ, శంషాబాదు వైపు భూములిచ్చిన రైతులూ ఆ వర్ణనల్లో కనబడరు. ప్రజ అనే విస్తృతమైన మాట క్రమంగా కుదించుకుపోయి టిక్కెట్టు కొన్నవాడికి పర్యాయపదం కావడం భాషలో జరిగిన చిన్న మార్పు కాదు. పేరు దగ్గర మాత్రం అందరికీ ఆవేశం వచ్చింది. 2014 నవంబరులో దేశీయ టెర్మినల్‌కు ఎన్.టి. రామారావు పేరు పెట్టాలని కేంద్రం నిర్ణయిస్తే తెలంగాణ శాసనసభ దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. పేరు మీద తీర్మానం చేయగలిగిన సభ్యులకు ఒప్పందంలోని షరతుల మీద తీర్మానం చేయాలని తోచలేదు.

అడగడం అసాధ్యమనేవారికి ఒక పోలిక చెబుతాను. అదే 2008 వసంతంలో, ఏప్రిల్ 27న, బెర్లిన్ నగరం టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయాన్ని కొనసాగించాలా అని తన పౌరులను ఓటు అడిగింది. ఓటు వేసినవారిలో ఎక్కువమంది కొనసాగించమన్నారు. కాని మొత్తం ఓటర్లలో నాలుగో వంతు మద్దతు కావాలన్న నిబంధన నెగ్గలేదు. అక్టోబరులో అదీ మూతబడింది. అయితే 2014లో, ఆ ఖాళీ మైదానంలో కట్టడాలు వద్దని బెర్లిన్ ప్రజలు మళ్లీ ఓటు వేసి నెగ్గించుకున్నారు. ఓటు వల్ల అన్నీ పరిష్కారమవుతాయని నేననను. అడిగే అలవాటు ఉన్నచోట ఓడినవాళ్లకు రెండో అవకాశం ఉంటుంది.

మన దగ్గర ఆ అవకాశం కంపెనీ చేతిలో పడింది. వరంగల్లు దగ్గరి మామునూరులోనూ నిజాం కాలపు విమానాశ్రయం ఉంది. దాన్ని బాగుచేసి తెరవమని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. 150 కిలోమీటర్ల షరతు అడ్డు నిలిచింది. శంషాబాదు సంస్థ తనకు అభ్యంతరం లేదని చెప్పాకనే 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతించింది. ఒక జిల్లా ప్రజల కోరికకు ఒక కంపెనీ సమ్మతి అవసరమైంది!

ఇప్పుడు మామునూరు విస్తరణకు సుమారు 250 ఎకరాలు కావాలంటున్నారు. అక్కడ ఆ భూముల్ని దున్నుకునే రైతులున్నారు. వాళ్ల మాట ఒప్పందాల మీద సంతకాలు కాకముందు వింటారా, టెర్మినల్ ప్రారంభోత్సవం నాడు వింటారా? ఆ సంగతి తేలేదాకా 'ప్రజాభిప్రాయం' అన్న మాటను మన రచయితలు కాస్త జాగ్రత్తగా వాడడం మంచిది.