రక్తనాళం కుట్టినాయనే చీముపుండు కడగడం నేర్పాడు



మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు మన గూడేల్లో, తండాల్లో బీడీ, చుట్ట తాగే పెద్దోళ్లు ఉన్నారు. పొగాకు వల్ల, షుగర్ వల్ల కాలి రక్తనాళం మూసుకుపోతుంది. నడిస్తే పిక్క పట్టేస్తుంది. ముదిరితే వేలు నల్లబడుతుంది. అప్పుడు కాలు దక్కించడానికి చేసేదే బైపాస్. మూసుకుపోయిన చోటు దాటించి కొత్త దారి కుడతారు. అయితే గండం ఆపరేషన్‌తోనే తీరదు. గజ్జల్లో కుట్ల దగ్గర చీము పడితే అసలు కథ మొదలవుతుంది.

రక్తనాళాలు కుట్టే పద్ధతిని 1902లో ఫ్రాన్స్ డాక్టర్ అలెక్సిస్ కారెల్ ప్రకటించాడు. 1912లో ఆయనకు నోబెల్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గాయాలు కుళ్లిపోతుంటే, ఇదే కారెల్ హెన్రీ డాకిన్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి పలచటి హైపోక్లోరైట్ మందునీళ్లతో గాయాన్ని మళ్లీ మళ్లీ కడిగించాడు. చచ్చిన కండ తీసెయ్యాలి, కడగాలి, శుభ్రమయ్యాకే మూయాలి. ఈ సూత్రం ఇప్పటికీ నడుస్తోంది.

1948లో పారిస్‌లో కున్లిన్ రోగి సొంత సిరతోనే కాలికి బైపాస్ చేశాడు. 1950లలో డేక్రాన్ బట్ట గొట్టాలు వచ్చాయి. 1948లోనే మన తెలుగాయన, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన లెడర్లీ పరిశోధన విభాగం నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని కనిపెట్టింది డగ్గర్. ఇక చీముకు భయం లేదనుకున్నారు. కానీ బట్ట గొట్టానికి అంటుకున్న సూక్ష్మజీవులు జిగట పొర కట్టుకుని దాక్కుంటాయి. మందు వాటిదాకా సరిగ్గా పోదు.

అందుకే 1972లో సిలాగి అనే సర్జన్ ఈ పుండ్లను మూడు మెట్లుగా విడదీశాడు. ఒకటి, చర్మం వరకే. రెండు, చర్మం కింది కొవ్వుదాకా. మూడు, గొట్టందాకా. మొదటిది మందులకు, కట్లకు లొంగుతుంది. రెండోదాన్ని విప్పి కడగాలి. 1997 తర్వాత చీమునీరు లాగేసే వాక్యూమ్ కట్టు కూడా బాగా వాడుకలోకి వచ్చింది. మూడోదానికి చాలాసార్లు గొట్టమే తీసేసి, సొంత సిరతో మళ్లీ దారి వెయ్యాలి. ఆలస్యమైతే కుట్టు తెగి రక్తం చిమ్ముతుంది. కాలైనా పోవచ్చు, ప్రాణమైనా పోవచ్చు.

కాబట్టి బైపాస్ చేయించుకున్నోళ్లకు గజ్జల్లో ఎరుపు, వాపు, నీరు, జ్వరం ఏది కనబడినా పసుపు, ఆకుపసరు పెట్టి కూర్చోవద్దు. ఇంట్లో బ్లీచింగ్‌తో కడగొద్దు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి అదే రోజు తీసుకుపోవాలి. రక్తం వస్తే గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మన ఇళ్లల్లో దాన్ని చదవగలిగింది మనమే. ఊరికి పోయినప్పుడు అడిగి చూద్దాం, చదివి చెబుదాం.