ఆకాశం ఎవరి చేతిలో? ఆఫ్రికా ఎయిర్‌లైన్స్ సంఘం చరిత్ర, పాలన

ఆఫ్రికా ఎయిర్‌లైన్స్ సంఘం 1968 ఏప్రిల్‌లో ఘనా రాజధాని అక్రాలో పుట్టింది. ఆఫ్రా అన్నది దాని పొట్టిపేరు, కేంద్ర కార్యాలయం నైరోబీలో. లాభాపేక్ష లేని ఈ సంఘంలో సభ్యత్వం ఎయిర్‌లైన్స్‌కే తప్ప ప్రభుత్వాలకు లేదు. ప్రభుత్వాల కోసం ఆఫ్రికా పౌర విమానయాన కమిషన్ మరుసటి ఏడాది, 1969లో వేరుగా ఏర్పడింది. విమానాలు నడిపేవాళ్ళు ఒక వేదిక మీద, ఏ విమానం ఎక్కడ దిగవచ్చో చెప్పేవాళ్ళు ఇంకో వేదిక మీద కూర్చున్నారన్నమాట. ఆఫ్రా చేయగలిగినవీ చేయలేకపోయినవీ దాన్ని నడిపిన వ్యక్తుల సమర్థత కంటే ఈ విభజనను బట్టే ఎక్కువగా అర్థమవుతాయన్నది ఈ వ్యాసం వాదన.

సంఘం పుట్టేనాటికి ఆఫ్రికా విమాన మార్గాలు వలస పాలకులు గీసిపోయినవే. అవి లండన్‌కూ పారిస్‌కూ బాగానే వెళ్ళేవి. పొరుగు దేశానికి వెళ్ళాలంటేనే కష్టం. పశ్చిమ తీరం నుంచి తూర్పు తీరానికి పోవాలంటే యూరప్ మీదుగా తిరిగి రావడం చాలాకాలం మామూలు సంగతి. కొత్తగా స్వతంత్రమైన దేశాలకు జెండా ఎంత ముఖ్యమో సొంత ఎయిర్‌లైన్స్ కూడా అంతే ముఖ్యం. ఘనా, నైజీరియాలు 1958లోనే వాటిని నెలకొల్పుకున్నాయి. ఉమ్మడి ప్రయత్నాలూ లేకపోలేదు. ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ 1946 నుంచీ ఉంది. ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన పదకొండు దేశాలు 1961లో యావుండేలో ఒప్పందం చేసుకుని ఎయిర్ ఆఫ్రిక్‌ను నిలబెట్టాయి. వీటిలో మొదటిది 1977లో తూర్పు ఆఫ్రికా కూటమితోపాటే కూలిపోయింది, రెండోది 2002లో దివాలా తీసింది. ఘనా ఎయిర్‌వేస్, నైజీరియా ఎయిర్‌వేస్, జాంబియా ఎయిర్‌వేస్ కూడా మూతపడ్డాయి. ఇంతమంది పోతూ వస్తూ ఉన్న రంగంలో సంఘం మాత్రం తెగకుండా కొనసాగడం చిన్న విషయం కాదు. ఆ కొనసాగింపుకు చరిత్రకారులు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదని నా అభిప్రాయం.

పాలనా నిర్మాణం చూడడానికి సాదాగానే ఉంటుంది. వ్యవస్థాపక ఎయిర్‌లైన్స్ 1968లో రాసుకున్న నిబంధనావళే దానికి ఆధారం. సభ్య ఎయిర్‌లైన్స్ అధిపతులు కూర్చునే వార్షిక సర్వసభ్య సమావేశానిదే విధానాల మీద తుది మాట. ఉపప్రాంతాల వారీగా ఎన్నికైన కార్యనిర్వాహక మండలి కార్యనిర్వహణ అధికారం వహిస్తుంది. రోజువారీ పని, పరిశోధన, సమన్వయం సెక్రటరీ జనరల్ నడిపే సచివాలయానివి. అధ్యక్ష పదవి ఏడాదికోసారి చేతులు మారుతుంది. సమావేశానికి ఆతిథ్యమిచ్చే ఎయిర్‌లైన్స్ అధిపతికే అది దక్కడం ఆనవాయితీ. 2023లో ఆ వంతు ఉగాండా ఎయిర్‌లైన్స్‌కు వచ్చింది. అది 2001లో మూతపడి, 2019లోనే మళ్ళీ రెక్క విప్పిన చిన్న సంస్థ. ఏడాది గడువు కావడంతో అధ్యక్షుడు పట్టు సాధించేలోపే దిగిపోతాడు, కనుక అసలు కొనసాగింపు సచివాలయానిదే. అయితే ఇథియోపియన్‌ ఎయిర్‌లైన్స్ లాంటి మహాసంస్థ పక్కన నాలుగైదు విమానాల సంస్థకూ అగ్రాసనం దొరకడమన్నది ఖండంలోని చిన్న దేశాల దృష్టిలో గౌరవానికి సంబంధించిన విషయం. ఆ ఏర్పాటును సామర్థ్యం పేరుతో తీసేయాలనేవారి మాట నాకు సబబుగా తోచదు.

అసలు చిక్కు రాకపోకల హక్కుల దగ్గరుంది. రెండు దేశాలు ద్వైపాక్షిక ఒప్పందం కుదుర్చుకుని తమ తరఫున ఏ ఎయిర్‌లైన్స్ తిరగాలో, వారానికి ఎన్ని సర్వీసులో రాసుకుంటాయి. మూడో దేశపు సంస్థ ఆ దారిలో ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే ‘ఐదవ స్వేచ్ఛ’ అనే హక్కు కావాలి. ఇథియోపియన్ విమానం అడిస్ అబాబా నుంచి టోగోలోని లోమేలో దిగి, అక్కడివాళ్ళను ఎక్కించుకుని అమెరికా వెళ్ళగలుగుతోందంటే ఆ హక్కు దొరకబట్టే. ఇలాంటి హక్కులను ఖండమంతటా విస్తరింపజేయాలని 1988లో యమసుక్రో ప్రకటన, 1999లో యమసుక్రో నిర్ణయం వచ్చాయి. అమలు నత్తనడక నడిచింది. చివరికి 2018 జనవరిలో ఆఫ్రికా యూనియన్ ‘ఏకీకృత ఆఫ్రికా వాయు రవాణా మార్కెట్’ను ప్రారంభించినప్పుడు అందులో చేరిన దేశాలు 23. దాన్ని అమలుపరిచే బాధ్యత ప్రభుత్వాల కమిషన్‌ది. ఆఫ్రా పని సమర్థించడం, ఒప్పించడం, గుర్తుచేయడం.

ఒప్పించే పనిలోనూ ఒక మెలిక ఉంది. సంఘంలో తీర్మానానికి చేయెత్తే అధిపతుల్లో చాలామంది ప్రభుత్వ సంస్థలకు అధిపతులు. ఆకాశం తెరిస్తే ముందుగా నష్టపోయేది తమ సంస్థేనని వాళ్ళలో కొందరికి భయం, అది నిరాధారమైన భయమూ కాదు. ఇథియోపియన్‌కు తెరిచిన ఆకాశం విస్తరణ. మూడు విమానాల సంస్థకు అదే బతుకు సమస్య. అందుకే సంఘం గొంతు గట్టిగా వినిపించేది సభ్యులందరి ప్రత్యర్థీ సంఘానికి బయట ఉన్న అంశాల మీద: టికెట్ల మీద పన్నులు, విమానాశ్రయ రుసుములు, ఇంధనం ధర, కొన్ని దేశాల్లో విదేశీ మారకం లేక చిక్కుబడిపోయిన టికెట్ల ఆదాయం, 2006లో మొదలైన యూరోపియన్ యూనియన్ నిషేధిత జాబితా. వీటి మీద ఏకాభిప్రాయం సులువు. లోపలి పోటీ మీద తీర్మానాలు సాధారణమైన మాటల దగ్గర ఆగిపోతాయి.

ఉమ్మడి ఇంధన కొనుగోలు ఇందుకు మంచి ఉదాహరణ. ఆఫ్రికాలో విమాన ఇంధనం ప్రపంచ సగటు కన్నా ఖరీదు. ఒక్కో సంస్థ విడిగా బేరమాడితే సరఫరాదారు లెక్కచేయడు. పలు సంస్థల అవసరాన్ని కలిపి ఒకే టెండరుగా పిలిస్తే ధర తగ్గే వీలుంది. సచివాలయం చేపట్టిన ఈ పథకంలో ఎవరి మార్గాలూ ఎవరూ వదులుకోనక్కర్లేదు, ఏ ప్రభుత్వమూ సంతకం పెట్టనక్కర్లేదు. ఆఫ్రా బలం ఇలాంటి చోటే కనిపిస్తుంది. ప్రపంచ జనాభాలో ఆరోవంతుకు పైగా ఉన్న ఖండం విమాన ప్రయాణాల్లో రెండు శాతం దరిదాపుల్లోనే ఉండిపోయిన స్థితిలో ఈ బలాన్ని తక్కువ చేసి చూడకూడదు. మార్గాల హక్కుల విషయంలో మాత్రం ఇంకా జరగాల్సిన పరిశోధన ఉంది: సర్వసభ్య సమావేశం తీర్మానాలను ఒక పక్కన, ఆయా సభ్యుల సొంత ప్రభుత్వాలు అదే కాలంలో కుదుర్చుకున్న ద్వైపాక్షిక ఒప్పందాలను మరో పక్కన పెట్టి, దేశం తర్వాత దేశంగా చదవాలి. ఎయిర్‌లైన్స్ సర్వసభ్య సమావేశంలో అన్నది తమ రాజధానిలో రవాణా మంత్రికి చెప్పాయో లేదో అప్పుడు తేలుతుంది.