నకాలా నడవాలో సెర్రాడో నమూనా

1973లో అమెరికా సోయా ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. సోయా కోసం ప్రధానంగా అమెరికా మీదే ఆధారపడిన జపాన్ మరో దారి వెతుక్కోక తప్పలేదు. మరుసటి ఏడాది ప్రధాని తనకా బ్రెజిల్‌లో పర్యటించారు. 1979లో సెర్రాడో గడ్డిభూముల్లో రెండు దేశాల ఉమ్మడి పథకం మొదలై 2001 దాకా నడిచింది. ఆమ్లగుణం ఎక్కువైన అక్కడి నేలలకు సున్నం, భాస్వరం వేశారు. ఉష్ణమండలానికి సరిపోయే సోయా వంగడాలను బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా శాస్త్రవేత్తలు రూపొందించారు. దక్షిణ బ్రెజిల్ నుంచి తరలివచ్చిన రైతులు అక్కడ పెద్ద కమతాలు ఏర్పరిచారు.

ఈ అనుభవాన్ని ఆఫ్రికాకు అందించాలని 2009 జూలైలో ఇటలీలోని లాక్విలాలో జపాన్ ప్రధాని అసో, బ్రెజిల్ అధ్యక్షుడు లూలా ఒక అవగాహనకు వచ్చారు. సెప్టెంబరులో మపూటోలో మొజాంబిక్‌తో కలిసి ‘ప్రోసవానా’ ఒప్పందం కుదిరింది. నకాలా రేవు నుంచి లోపలికి సాగే రైలుమార్గం వెంట నంపూలా, నియాస్సా, జాంబేజియా రాష్ట్రాల్లోని 19 జిల్లాలు దాని పరిధి. పరిశోధన, విస్తరణ సేవలు, బృహత్ ప్రణాళిక దాని మూడు అంగాలు. రెండు ప్రాంతాలూ ఇంచుమించు ఒకే అక్షాంశాల మధ్య ఉన్నాయని, రెండూ సవన్నాలేనని పథక రూపకర్తలు వాదించారు.

పోలిక నేల దగ్గరే ఆగిపోయింది. మొజాంబిక్ పల్లెసీమల్లో జనసాంద్రత ఎక్కువైన ప్రాంతాల్లో నకాలా నడవా ఒకటి. అక్కడ ఉండేది మొక్కజొన్న, కర్రపెండలం, జొన్న, కంది పండించే చిన్న రైతు కుటుంబాలు. ఖాళీగా కనిపించే చెలక చాలాసార్లు సారం కూడగట్టుకోవడానికి వదిలిన బీడు. 1997 నాటి చట్టం ప్రకారం భూమి ప్రభుత్వానిదే అయినా, ఆచారం ప్రకారం సాగు చేసుకుంటున్నవారికి కాగితం లేకున్నా వినియోగ హక్కు ఉంటుంది. ఈ నేపథ్యంలో 2011లో వ్యవసాయ మంత్రి బ్రెజిల్ రైతులకు 60 లక్షల హెక్టార్లు ఇవ్వజూపుతున్నారని ఒక బ్రెజిల్ పత్రిక ప్రచురించడంతో కలవరం మొదలైంది.

2012 అక్టోబరులో జాతీయ రైతు సంఘం ఉనాక్ పథకాన్ని బాహాటంగా వ్యతిరేకించింది. 2013లో ప్రణాళిక ముసాయిదా బయటికి పొక్కింది. పోడు తరహా సేద్యాన్ని వదిలించి రైతులను స్థిరసాగులోకి మళ్లించే యోచన అందులో ఉంది. మే నెలలో మొజాంబిక్ అధ్యక్షుడు గెబూజా, బ్రెజిల్ అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్, జపాన్ ప్రధాని షింజో అబేలను ఉద్దేశించి బహిరంగ లేఖ వెలువడింది. పథకాన్ని ఆపి, కుటుంబ సేద్యానికి ఊతమిచ్చే విధానం చేపట్టాలన్నది అందులోని డిమాండు. 2015లో సవరించిన ముసాయిదాపై సభలు జరిపినా అపనమ్మకం తొలగలేదు. 2020 జూలైలో ప్రోసవానా ముగిసింది.

ఇదే కాలంలో ఉత్తర మొజాంబిక్ చిన్న రైతులకు కంది ఒక ఎగుమతి పంటగా ఎదిగింది. మన దగ్గర కందిపప్పు ధర ఆకాశాన్నంటిన మరుసటి ఏడాది, 2016లో, దిగుమతులను ఐదేళ్లలో రెండు లక్షల టన్నులకు పెంచేందుకు భారత్ ఒప్పందం చేసుకుంది. దానికోసం ఎవరూ భూమి వదులుకోనక్కర్లేకపోయింది. అయితే 2017లో భారత్‌లో పంట విరగపండి దిగుమతులపై పరిమితులు రాగానే అక్కడి ధర కూలింది. భూమి మీద పట్టు నిలుపుకున్న రైతుకు ధర మీద పట్టు దక్కలేదు. భాగస్వామ్యం పేరిట జరిగే ప్రతి ఒప్పందాన్నీ భూమి మీద పట్టు ఎవరిది, ధర మీద పట్టు ఎవరిది అనే రెండు ప్రశ్నలతోనే తూచాలని నకాలా చరిత్ర చెబుతోంది.